ఆండ్రాయిడ్ కార్ స్టీరియో: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా వ్యాగనార్‌లో కంపెనీ స్టీరియో తీయించి, నావిగేషన్, వెనక కెమెరా ఉన్న ఏడంగుళాల ఆండ్రాయిడ్ సెట్టు పెట్టించి చాలా కాలమైంది. కొనేముందు అందరూ ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎంత అని అడుగుతారు. నన్నడిగితే, వైరింగ్ ఎలా చేస్తారో ముందు కనుక్కోండి.

మొదట బిగించిన షాపులో కారు కప్లర్ (స్టీరియో వైర్లన్నీ ఒకేచోట కలిసే ప్లగ్గు) కోసేసి, వైర్లు మెలేసి టేపు చుట్టారు. ఎండాకాలం మూసిన కారులో ఆ వేడికి టేపు జిగురు కరిగి జారిపోయింది. ఎడమ స్పీకర్ ఒకసారి మోగేది, ఇంకోసారి మూగబోయేది. అంతకన్నా టెన్షన్ పెట్టింది బ్యాటరీ. ఇలాంటి సెట్లలో పసుపు వైరుకి ఎప్పుడూ 12 వోల్టులు అందాలి, సెట్టింగులు గుర్తుండేది దానివల్లే. ఎర్ర వైరుకి మాత్రం తాళం తిప్పాకే కరెంటు రావాలి. వాళ్లు రెండూ కలిపేశారు. తాళం తీసినా సెట్టు పూర్తిగా ఆగేది కాదు. కారు కొన్నాళ్లు కదపకపోతే సెల్ఫ్ తిరిగేది కాదు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ అంతా విప్పి మళ్లీ చేశాడు. కోసిన కప్లర్‌ని సోల్డరింగ్ చేసి, ఒక్కో అతుకుకీ వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగాడు. నల్ల వైరుని, అంటే ఎర్తు వైరుని, డ్యాష్‌బోర్డు వెనక ఇనుప బాడీకి, పెయింటు గీకి మరీ బోల్టు వేశాడు. యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో వచ్చే కూత ఆ ఒక్క పనితో పోయింది. నారింజ వైరుని పార్కింగ్ లైట్లకి కలిపాడు. లైట్లు వేయగానే స్క్రీన్ వెలుగు తగ్గుతుంది, రాత్రి కళ్లకి ఎంత హాయో! మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ విడిగా దొరుకుతుంది. అది ఉంటే కారు వైరు ఒక్కటీ కోయనక్కర్లేదు. కోసి కలిపేద్దాం అనే షాపులో బండి ఇవ్వకండి.

జీపీఎస్ యాంటెన్నాని మొదటి షాపువాళ్లు సెట్టు వెనక ఇనుప ఫ్రేము మీద పడేసి ఉంచారు, అందుకే కారు పక్క వీధిలో వెళ్తున్నట్టు చూపించేది. ముందు అద్దం కింద, డ్యాష్‌బోర్డు మూలకి మార్చాక సరిపోయింది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఫోన్ సిగ్నల్ పోతుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే దారి చూపడం ఆగదు, ఎందుకంటే జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. ట్రాఫిక్ వివరాలకి మాత్రం ఫోన్ హాట్‌స్పాట్ కావాలి.

పాటల నాణ్యత బాగుంది, కెమెరా ఫర్వాలేదు. వానలో లెన్సు మీద నీళ్లు నిలిస్తే ఏమీ కనపడదు, దిగి తుడవాల్సిందే. మధ్యాహ్నం ఎండ పడితే స్క్రీన్ చదవడం కష్టం. ఇప్పుడు సెట్టు ఆన్ కావడానికి కొత్తలో కన్నా ఎక్కువసేపు పడుతోంది. అయినా మార్చాలని లేదు.