నల్లగొండ ఎండలో పెయింట్ రిమూవర్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ పొద్దున ఎనిమిది లోపలే. ఆ తర్వాత రాస్తే మందు గాలికి పోతుంది, పాత రంగు చెక్క మీదే ఉంటుంది. మా తాత గల్లాపెట్టె మీది పాత రంగులు తీయబోయి, లీటరు డబ్బాలో సగం పోగొట్టుకున్నాక తెలిసింది నాకు.

ముందు పెట్టె సంగతి చెప్పాలి. మా తాత మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తా. 1967లో సాగర్ కాల్వలకు నీళ్లొదిలాక అటువైపు వరి పెరిగి మిల్లులు లేచాయి, తాత నౌకరీ కూడా ఆ నీళ్ల వెంబడే వచ్చింది. మానేసేటప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది తన గల్లాపెట్టె. కింద కూర్చుని ముందు పెట్టుకుని లెక్కలు రాసుకునే రకం. టేకు చెక్క, వాలుగా ఉండే మూత, ఇత్తడి కబ్జాలు, లోపల చిల్లర పోసుకోవడానికి తొలిచిన ఆరు గుంటలు. ప్రతి దసరాకు మిల్లులో మిషన్లకు రంగు వేయగా డబ్బాలో మిగిలింది దీనికి పూసేవాళ్లట. అలా పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద ఎర్ర ఆక్సైడ్. మూత మీద రాసుకునే చోట మాత్రం తాత రంగు పడనివ్వలేదు, ఎండాకాలంలో కాగితాలు అంటుకుంటాయని.

వడ్లాయనను పిలిస్తే, "మిషన్ పెడితే ఒక్క పూట పని మేడం, గీకి డుకో రంగు ఏసేద్దాం" అన్నాడు. నేనే ఒప్పుకోలేదు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. ఈ పెట్టె మీద ఉన్నవన్నీ అంతకు ఎన్నో ఏళ్ల ముందటి రంగులు. వాటిని పొడిగా గీకితే ఆ విషపు దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, మా చిన్నోడికి నాలుగేళ్లు. అందుకని రిమూవర్ తెచ్చాను. క్లాక్ టవర్ దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపులో లీటరు 380 రూపాయలు.

డబ్బా మీద "పదిహేను నిమిషాల్లో రంగు పొంగుతుంది" అని రాసి ఉంది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం, చిన్నోడు పడుకున్నాడు కదా అని మధ్యాహ్నం రెండింటికి డాబా మీద మొదలుపెట్టాను. రాసింది రాసినట్టే ఎండిపోయింది. ఇంకోసారి రాశాను, అదీ అంతే. మందు నకిలీదేమోనని షాపువాడిని తిట్టుకున్నాను. తర్వాత డబ్బా తిప్పి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో డైక్లోరోమీథేన్ అని ఉంది. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను, ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అది మరిగేది దాదాపు 40 డిగ్రీల దగ్గర. మా డాబా మీద ఆ వేళకు అంతకంటే ఎక్కువే ఉంటుంది. రంగును కరిగించేంత సేపు అది అక్కడ ఉంటే కదా!

మర్నాటి నుంచి ఆరింటికే వరండా నీడలో కూర్చున్నాను. మందంగా పూసి, మీద పాలిథీన్ షీటు కప్పి అరగంట వదిలేస్తే ఆకుపచ్చ రంగు పాల మీద మీగడలా ముడతలు పడి లేచింది. పాత పుట్టీ పట్టీతో చెక్క గీత వెంబడే తోసి, పేపర్లో పోగుచేశాను. మూడు రంగులకు మూడు దఫాలు. చిల్లర గుంటల్లో పట్టీ తిరగదు. పాత టూత్‌బ్రష్ పెడితే దాని పిడే మెత్తబడి వంగింది. చివరికి కొబ్బరి పీచు, నమిలిన వేప పుల్ల పనికొచ్చాయి. ఆఖర్న టర్పెంటైన్ గుడ్డతో తుడిచాను.

రిమూవర్‌తో పాటు షాపువాడు ఇచ్చిన పల్చటి గ్లవుజులు మాత్రం శుద్ధ దండగ. కాసేపటికే సాగి చిల్లుపడ్డాయి. చుక్క తగిలిన చోట నిప్పురవ్వ పడ్డట్టు మండింది. ఇంకో మాట, తలుపులు వేసుకుని గదిలో ఈ పని అస్సలు చేయకండి. దాని ఆవిరి పీల్చితే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది.

రిమూవర్‌కు ఐదుకు మూడు ఇస్తాను. గ్లవుజులకు సున్నా.

ఐదుకు ఐదు ఇచ్చేది, రంగు పోయాక చెక్కకు పాలిష్‌గా పూసిన లక్కకు. షాపులో చపడా అని అడిగితే తేనె రంగు పెచ్చులు ఇస్తారు, పావు కిలో 350 పడింది. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కే ఇది, ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తుంది. లాడ్ బజార్ గాజుల్లో ఉండేదీ ఇదే. లీటరు పాలిష్ స్పిరిట్‌లో 200 గ్రాములు వేసి రాత్రంతా నానబెట్టి వడకట్టాను. పెట్టెను 120 నంబరు ఉప్పు కాగితంతో, ఆ తర్వాత 220తో రుద్ది, దూదిని పాత పంచె ముక్కలో చుట్టి పల్చగా అద్దుకుంటూ పోయాను. పన్నెండు చేతులు, అంటే పన్నెండు పూతలు. రిమూవర్‌ను పాడుచేసిన ఎండే ఇక్కడ కలిసొచ్చింది, ఒక్కో చేయి అరగంటలో ఆరిపోయింది. మూత మీద తాత అరచెయ్యి ఆనే చోట చెక్క అరిగి గాజులా ఉంది, పక్కనే నీలం ఇంకు మరకలు. అక్కడ ఉప్పు కాగితం తాకించలేదు, లక్క మాత్రం పూశాను.

అడుగు భాగం బద్ధకించి జూన్‌కు వదిలాను. వాన ముసురులో పూస్తే తేమ పట్టి తెల్లగా బూడిద పూసినట్టయింది. ఎండ వచ్చాక స్పిరిట్ తడి గుడ్డతో ఒకసారి తేలిగ్గా లాగితే పోయింది. మీరైతే వానాకాలంలో పెట్టుకోకండి. మిగిలిన ద్రావణాన్ని ఏళ్ల తరబడి దాచకండి, పాతబడితే గట్టిగా ఆరదు. శానిటైజర్ సీసా దాని దగ్గరికి రానివ్వకండి, అందులోని ఆల్కహాల్‌కు లక్క కరిగిపోతుంది.

మొత్తం ఖర్చు పదకొండు వందల చిల్లర. "గింత పెట్టెకు గన్ని తిప్పలా బిడ్డా" అంది అమ్మ. అని, మొదటి రోజే దాని మీద వేడి వేడి చాయ్ గ్లాసు పెట్టింది. తెల్లటి గుండ్రటి మచ్చ పడింది. మళ్లీ స్పిరిట్ గుడ్డ తీస్తే పోయిందనుకోండి. ఇప్పుడు గ్లాసు కింద పాత పేపర్ మడిచి పెడుతోంది, నేను చూస్తున్నప్పుడు.