వర్గ సమీకరణాలకు కారణాంకాలు మేలా, సూత్రం మేలా?

పరీక్షలు దగ్గరపడితే చాలు, మహారాష్ట్రలోని సిరొంచలో మా ట్యూషన్‌కు వచ్చే పదో తరగతి పిల్లలు అడిగేది ఒకటే. "సార్, కారణాంకాలు పట్టుకోవాల్నా, ఫార్ములా పట్టుకోవాల్నా?" ఈ మధ్య వాళ్ల నాన్నలు కూడా అదే అడుగుతున్నారు. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీలోనో సెమీ ఇంగ్లీష్‌లోనో (లెక్కలు, సైన్స్ మాత్రం ఇంగ్లీష్‌లో) లెక్కలు చేస్తారు. కారణాంకాలను బడిలో అవయవ్ అంటారు, విచక్షణిని (డిస్క్రిమినెంట్) వివేచక్ అంటారు. నది దాటి తెలంగాణలోని కాళేశ్వరం వైపు వెళ్తే పేర్లు మారిపోతాయి. సంఖ్యల వరుసను చెప్పే శ్రేఢి అనే మాట మాత్రం రెండు ఒడ్డులకూ ఒకటే.

ప్రశ్నలోనే "కారణాంకాల పద్ధతిలో సాధించండి" అని ఉంటే వేరే ఆలోచన అక్కర్లేదు, అలాగే చేయాలి. పద్ధతి చెప్పకుండా వదిలేసిన లెక్కల దగ్గరే ఈ టెన్షన్ అంతా.

కారణాంకాల పద్ధతికి ఉన్న అందం నాకూ ఇష్టమే. య² + 5య + 6 = 0 చూడగానే లబ్ధం 6, మొత్తం 5 వచ్చే 2, 3 అని నోటికొస్తాయి. రెండు లైన్లలో లెక్క అయిపోతుంది, తప్పు జరిగే చోటు కూడా తక్కువ. ఇబ్బంది ఎక్కడంటే, కారణాంకాలు దొరకనప్పుడు అవి అసలు లేవో, తనకే కనబడలేదో పిల్లకు తెలియదు. పోయిన నెల ఒక అమ్మాయికి 2య² + 3య − 4 = 0 ఇచ్చాను. మధ్య పదాన్ని విడగొట్టే రెండు సంఖ్యల లబ్ధం 2 × −4, అంటే −8 రావాలి, మొత్తం 3 రావాలి. 8, −1 రాసింది, 7 వచ్చింది. 4, −2 రాసింది, 2 వచ్చింది. గుర్తులు మార్చి మళ్లీ అవే రాసింది. సగం పేజీ కొట్టివేతలతో నిండాక "విడగొడుతున్న సార్, వస్తలేదు" అంది. రావు. ఈ సమీకరణం మూలాల్లో √41 ఉంది, పూర్ణాంకాలతో విడగొట్టడం ఎవరివల్లా కాదు. బీజగణితం పేపరు 40 మార్కులు, సమయం రెండు గంటలు. అందులో పది నిమిషాలు ఇలా పోతే వెనక ఉన్న మంచి లెక్కలు మిగిలిపోతాయి.

నా లెక్కన ఏది మేలో తేల్చేది ఇదే. సూత్రం పిల్లను దారి మధ్యలో వదిలేయదు. ఏయ² + బియ + సి = 0 అయితే య = (−బి ± √(బి² − 4ఏసి)) / 2ఏ, ఇదే ఆ సూత్రం. ముందు విచక్షణి, అంటే వర్గమూలం కింద ఉన్న బి² − 4ఏసి, కట్టగానే వాస్తవ మూలాలు ఉన్నాయో లేవో, పూర్ణాంకాలతో మధ్య పదం విడిపోతుందో లేదో తెలిసిపోతుంది; అది పూర్తి వర్గమైతేనే విడిపోతుంది.

సూత్రంతో పొరపాట్లు లేవని కాదు. అదే లెక్క ఇంకో అబ్బాయి సూత్రంతో చేశాడు. 9 − 4 × 2 × 4 అని రాసి, −23 తెచ్చి, "వాస్తవ మూలాలు లేవు" అని గీత గీసేశాడు. సి విలువ −4 కాబట్టి అది 9 + 32 = 41 కావాలి. ఏ, సి గుర్తులు వేర్వేరుగా ఉంటే విచక్షణి ఎప్పుడూ ధనాత్మకమే. ఈ ఒక్క మాట గుర్తుంటే −23 చూడగానే ఎక్కడో గుర్తు జారిందని వాడికే తెలిసేది. రెండో పొరపాటు 2ఏ దగ్గర. భాగహారం గీతను వర్గమూలం కిందే గీసి, −బి ని బయట వదిలేస్తారు. గీత పొడుగ్గా గీయమని నేను రోజూ చెబుతూనే ఉంటాను.

కారణాంకాలే రాయాల్సిన లెక్కలో కూడా విచక్షణి పనికొస్తుంది. అంకశ్రేఢిలో, అంటే ఒకే తేడాతో సాగే సంఖ్యల వరుసలో, "ఎన్ని పదాలు" అని అడిగినప్పుడు దీని విలువ బాగా తెలుస్తుంది. మా పిల్లలకు తునికాకు (బీడీ ఆకు) లెక్క ఇస్తాను, వేసవిలో కల్లానికి (ఆకు సేకరించే చోటుకు) కట్టలు మోసిన చేతులే కాబట్టి. మొదటి రోజు 40 కట్టలు, ఆ తర్వాత రోజుకు 4 చొప్పున ఎక్కువ. 1020 కట్టలు కావడానికి ఎన్ని రోజులు? న రోజులనుకుని, శ్రేఢి మొత్తం కట్టే సూత్రంలో వేస్తే 2న² + 38న = 1020, అంటే న² + 19న − 510 = 0. ఇప్పుడు 510ని ఎన్ని రకాలుగా విడగొడతారు? 5 × 102, 6 × 85, 10 × 51, 17 × 30... వెతుక్కుంటూ పోవాలి. పేపరు మార్జిన్‌లో విచక్షణి కట్టండి: 361 + 2040 = 2401, అది 49 వర్గం. విడగొట్టాల్సిన రెండు సంఖ్యల మొత్తం 19, తేడా విచక్షణి వర్గమూలమే, అంటే 49. కాబట్టి 34, −15. వెతుకులాట లేదు. (న + 34)(న − 15) = 0 అని కారణాంకాల పద్ధతిలోనే నీటుగా రాసేయొచ్చు. 15 రోజులు.

వర్గం పూర్తిచేసే పద్ధతిని పిల్లలు భిన్నాలకు భయపడి వదిలేస్తారు. పైన చెప్పిన 2య² + 3య − 4 = 0నే తీసుకుంటే, 2తో భాగించగానే 3/2 వస్తుంది, తర్వాత 9/16 వస్తుంది. పాతకాలపు గణితవేత్త శ్రీధరాచార్యుడి దారి వేరు: రెండు వైపులా 4ఏ తో గుణించి, బి² కలపాలి. ఇక్కడ 8తో గుణిస్తే 16య² + 24య = 32, 9 కలిపితే (4య + 3)² = 41. భిన్నం ఒక్కటీ రాలేదు. ఆయన రాసిన బీజగణితం మనకు దక్కలేదు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో తన బీజగణితంలో ఉటంకించబట్టే ఈ సూత్రం మిగిలింది. మనం బట్టీపట్టే ఫార్ములా ఇందులోంచే వస్తుంది. ఒక్కసారి ఇలా చేయించాక మా పిల్లలు −బి ఎందుకు వచ్చిందని అడగడం మానేశారు.

గ్రాఫ్ గీసి మూలాలు చూడటం అర్థం కావడానికి బాగుంటుంది, మార్కులకు కాదు. విలువలు వేసి చూడటం జవాబు సరిచూసుకోవడానికి చాలు.

ఏ పద్ధతిలో చేసినా రెండు మూలాలు వచ్చాక ఆగి చూడాలి. తునికాకు లెక్కలో −34 రోజులు ఉండవు కాబట్టి కొట్టేస్తాం. అన్నిచోట్లా అంత తేలిక కాదు. 30, 26, 22... శ్రేఢిలో ఎన్ని పదాలు కలిపితే 120? న² − 16న + 60 = 0, న = 6 లేదా 10. మా పిల్లలు అలవాటుగా ఒకదాన్ని కొట్టేస్తారు. ఏడో పదం నుంచి రాయించాను: 6, 2, −2, −6. ఆ నాలుగూ కలిస్తే సున్నా, అందుకే 10 పదాలకూ 120 వచ్చింది. ఉత్త సంఖ్యలైతే రెండు జవాబులూ రాయాలి. అవే కట్టలైతే −2 కట్టలు కల్లానికి ఎవరూ తేరు కాబట్టి 6 మాత్రమే.