'పింక్ మూన్': ఫ్యాను ఒకటి మీద పెట్టి వినాల్సిన ఆల్బం

ఇంగ్లిష్ గాయకుడు నిక్ డ్రేక్ ఆల్బం 'పింక్ మూన్' మొత్తం కలిపి 28 నిమిషాలు. పదకొండు పాటలు, ఒక గిటారు, ఒక గొంతు. టైటిల్ పాటలో కాసేపు మోగే పియానో తప్ప మరో వాద్యం లేదు. 1971 అక్టోబరులో లండన్ సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో రెండు రాత్రుల్లో పాడేశాడు. దగ్గరున్నది సౌండ్ ఇంజినీరు జాన్ వుడ్ ఒక్కడే. 1972 ఫిబ్రవరిలో వచ్చిన ఈ రికార్డును అప్పట్లో కొన్నవాళ్లు తక్కువ. 1974లో, 26 ఏళ్లకే అతను పోయాడు. చాలామందికి అతని పేరు తెలిసింది 2000 ప్రాంతంలో ఒక కారు ప్రకటనలో ఈ టైటిల్ పాట వినిపించాకే. అన్నట్టు, అతను పుట్టింది 1948లో, రంగూన్‌లో. మన పెద్దవాళ్లు కూలికి ఓడెక్కి పోయిన రంగమే అది.

రాసిందీ, బాణీ కట్టిందీ, వాయించిందీ, పాడిందీ ఒక్కడే కాబట్టి మన లెక్కలో వాగ్గేయకారుడు. పున్నమ్మతోట ఆకాశవాణి లలిత గీతాలు విని పెరిగిన విజయవాడ చెవికి ఇది కొత్తగా ఉండదు. పల్లవి అయ్యాక వయొలిన్లు అందుకుంటాయని చూస్తే మాత్రం అవి రావు. తెనాలి వైపు పద్య నాటకాల్లోలాగా రాగం తీసి చప్పట్లు కొట్టించుకునే చోటు కూడా ఒక్కటీ లేదు. గొంతు పైకి లేవదు. మాటల చివర్లు మింగేస్తాడు, సాహిత్యం ముందు పెట్టుకుని వినడమే మేలు.

అసలు సరుకు గిటారు శ్రుతిలో ఉంది. మామూలుగా లావు తీగ నుంచి, పాశ్చాత్య స్వరాల పేర్లలో, ఇ-ఎ-డి-జి-బి-ఇ. టైటిల్ పాటకు సి-జి-సి-ఎఫ్-సి-ఇ, ఆ పైన రెండో మెట్టు (ఫ్రెట్) మీద కాపో, అంటే తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు. సి ని షడ్జమం అనుకోండి: స-ప-స-మ-స-గ. అంటే లావు తీగలు మూడూ తంబురా. ఎడమ చేతి వేలు ఆనకుండానే కింద శ్రుతి నడుస్తూంటుంది, పై తీగల మీద పాట సాగుతుంది. ఒక్క గిటారు ఇద్దరు వాయించినట్టు నిండుగా వినపడటానికి సగం కారణం ఇదే. కాపో వల్ల ఆధార షడ్జమం డి కి చేరుతుంది, హార్మోనియం వాళ్ల భాషలో రెండు శ్రుతి.

వాయించి చూడాలంటే ఆరో తీగను, అంటే అన్నిటికన్నా లావుదాన్ని, నాలుగు మెట్లు (అర స్వరాలు) దించండి. అయిదు, నాలుగు, మూడు తీగల్ని రెండేసి మెట్లు దించండి. రెండో తీగను ఒక్క మెట్టు పెంచండి. మొదటిది అలాగే ఉంచండి. అన్నీ ఒక చుట్టు అయ్యాక మళ్లీ మొదటి నుంచి చూడాలి, ఎందుకంటే లావు తీగలు వదులయ్యేసరికి మెడ మీద లాగుడు తగ్గి మిగతావి కాస్త పైకి జరుగుతాయి. పన్నెండు సెట్టులో (సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు) ఆరో తీగ 53 ఉంటుంది. దాన్ని సి కి దించితే మెట్లకు తగిలి జరజరమంటుంది, గట్టిగా మీటితే అపశ్రుతి. దాని బదులు 56 వేయించుకుంటే బిగి వస్తుంది. పది సెట్టు మీద ఈ శ్రుతి నిలవదు, ప్రయత్నించొద్దు. కాపోను రెండో మెట్టు కడ్డీకి ఆనీ ఆననట్టు, కాస్త వెనక బిగించండి. మెట్ల మధ్యలో పెడితే తీగ సాగి శ్రుతి పెరుగుతుంది. తీగలు మీటే ప్లెక్ట్రమ్ బిళ్ల పక్కన పెట్టేయండి, వేళ్లతోనే వాయించండి. 'రోడ్' పాటలో బొటనవేలిదో లెక్క, పై వేళ్లదో లెక్క. గిటారు నేర్చుకునేవాళ్లకు ఆ రెండు నిమిషాలు చాలు, నెల రోజుల పని.

ఫోను స్పీకరులో పెడితే ఆ తంబురా మొత్తం పోతుంది, సన్న తీగలే మిగులుతాయి. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. బాస్ బూస్ట్ తీసేయండి, లేకపోతే లావు తీగ గొంతును కప్పేస్తుంది. మే నెల బెజవాడలో ఫ్యాను ఆపమనడం అన్యాయం గానీ, అయిదు మీద తిరుగుతూంటే పాటకూ పాటకూ నడుమ ఉన్న నిశ్శబ్దం దక్కదు. రాత్రి పదకొండు దాటాక, రెక్కల చప్పుడు తగ్గేంత మెల్లగా పెట్టుకోండి.

ఎల్పీ రికార్డు కొంటే ఒక వైపు ఆరు పాటలు, ఇంకో వైపు అయిదు. వైపుకు పద్నాలుగు నిమిషాలే కాబట్టి ప్లేటు మీద గాడులు ఇరుకుగా ఉండవు. కాకపోతే ఇంత పలచటి సంగీతంలో దుమ్ము చిటపటలు దాక్కోడానికి చోటుండదు, ప్రతిసారీ బ్రష్ వేయాల్సిందే. ఎండల్లో బీరువా మీద పడుకోబెట్టినా, కారులో వదిలినా ప్లేటు వంకరపోతుంది. నిలువుగా పెట్టండి.

అన్నీ ఒకే ఎత్తు కావు. 'హార్న్' పాట కాదు, ఒకటిన్నర నిమిషమైనా లేని వాద్యం ముక్క. 'నో' (Know) పాటలో ఒకే చిన్న వరస తిరిగి తిరిగి వస్తుంది, మాటలు నాలుగు పంక్తులు. రెండో వైపు అక్కడే మొదలవుతుంది కాబట్టి చాలామంది అక్కడే లేచిపోతారు. ఆగితే 'పారసైట్' ఉంది. మొత్తానికే పొడిగా అనిపిస్తే 1971లో వచ్చిన అతని ఆల్బమే 'బ్రైటర్ లేటర్' వినండి, డ్రమ్ములూ తీగ వాద్యాలూ నిండుగా ఉంటాయి. తర్వాత ఇటు రావచ్చు.

పాటల వరస మార్చకండి, షఫిల్ వద్దు. ఆటోప్లే కూడా ముందే ఆపేయండి. లేదంటే 'ఫ్రమ్ ది మార్నింగ్' ఆఖరి తీగ ఆరిందో లేదో, ఇంకెవరిదో డ్రమ్ము నెత్తిన పడుతుంది.