ఆమదాలవలసలో దిగాక ఆ 13 కిలోమీటర్లు

శ్రీకాకుళం ఊళ్లోకి రైలు రాదు. టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, దిగేది మాత్రం ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి ఊరు 13 కిలోమీటర్లు. ఆ ‘రోడ్’ అన్న మాటను నేను పట్టించుకోలేదు.

ఆదివారం అరసవల్లి దర్శనానికని అమ్మను తీసుకుని శనివారం విజయవాడలో రైలెక్కాను. బండి రెండు గంటలు లేటు. దిగేసరికి రాత్రి పదిన్నర దాటింది. స్టేషన్ బయట ఒక్క బస్సూ లేదు. “మీ బండి టయానికొస్తే దొరికీది బాబూ, ఇందాకే ఎల్లిపోనాది” అన్నాడు టీకొట్టాయన. రైలు లేటని బస్సువాళ్లకు చెప్పే నాథుడు లేడు, బస్సు వెళ్లిపోయిందని మాకు చెప్పేవాళ్లూ లేరు. ఆటో అతను 400 అడిగి 350కి దిగాడు. అంత రాత్రి, పక్కన అమ్మను పెట్టుకుని ఇంకేం బేరమాడతాం?

కాంప్లెక్స్ (ఆర్టీసీ బస్టాండ్) దగ్గర లాడ్జి పర్లేదు. గది శుభ్రం, ఎన్నింటికి దిగితే అప్పట్నుంచి 24 గంటలు. లిఫ్ట్ లేదు, మాకిచ్చింది రెండో అంతస్తు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద గది ముందే అడగండి.

పొద్దున అరసవల్లిలో క్యూ పెద్దదే అయినా కదిలింది. శ్రీకూర్మానికి పల్లెవెలుగు ఎక్కాం. ఆధార్ చూసి కండక్టర్ అమ్మకు జీరో టికెట్ కొట్టిచ్చాడు. డబ్బులు కట్టకపోయినా టికెట్ టికెట్టేనని, దాన్ని నాలుగు మడతలు పెట్టి కుంకుమ పొట్లంతో పాటు పర్సులో దాచుకుంది. గుళ్లో రెండు ధ్వజస్తంభాలు. రెండోది ఎందుకని దారంతా అడుగుతూనే ఉంది.

తిరుగు ప్రయాణానికి నేను ఆమదాలవలస జోలికి పోలేదు. విజయనగరం ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. హైవే మీద నాతవలస దాకా వచ్చి అక్కడ లోపలికి తిరుగుతుంది. దూరం దాదాపు 70 కిలోమీటర్లు. అయినా విజయనగరం జంక్షన్, రాయ్‌పూర్ లైను బండ్లు కూడా అక్కడే కలుస్తాయి కాబట్టి ఒకటి తప్పితే ఇంకోటి చూసుకోవచ్చు. పైగా స్టేషనూ బస్టాండూ రెండూ ఊళ్లోనే. పగటిపూట వచ్చేవాళ్లకు ఆమదాలవలసే నయం, బస్సులకు కొదవ లేదు. రాత్రి బండి అయితే మాత్రం విజయనగరంలోనో విశాఖలోనో దిగి పడుకుని, పొద్దున్నే బస్సెక్కడం మేలు. లేటుగా వచ్చే రాత్రి బళ్ల కోసం ఆమదాలవలసలో ఒక్క బస్సును ఆపి ఉంచితే ఈ తిప్పలే ఉండవు.

ఆ రోజూ మా బండి 40 నిమిషాలు లేటే. ఈసారి ఆ కాస్త టైములో బయటికెళ్లి భోంచేసొచ్చాం.