అంగడి లెక్కలకు సాఫ్ట్‌వేర్ కొంటున్నారా, జాగ్రత్త

అనంతపురంలో మాది విత్తనాలు, పురుగుమందుల అంగడి. బిల్లింగ్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలనుకునే వ్యాపారస్తులు ఎవరైనా ఉంటే డబ్బు కట్టేకి ముందు ఇది చదవండప్పా. అమ్మినోళ్ల పేరు చెప్పను. అంగడికొచ్చి లాప్‌టాప్‌లో డెమో చూపించి "అన్నా, ఇంక స్టాక్ బుక్ తెరిచే పనే లేదు, ఏం తెప్పించాలో అదే చెప్తుంది" అన్నారు, 18 వేలు కట్టినా.

అది చెప్పిందే నమ్మినా, దెబ్బ అక్కడే పడింది. శెనక్కాయకు మందు కొట్టే దినాల్లో ఒక మందు పది కేసులు తెప్పించినా, 250 ఎంఎల్ బాటిళ్లు, కేసుకు 40. వాళ్ల పిల్లోడు ఐటమ్స్ ఎక్కించేటప్పుడు కేసుకు 24 అని కొట్టినాడు, అంటే గోడౌన్‌లో 400 ఉంటే సిస్టమ్‌లో 240. మేం 270 అమ్మేసరికి స్క్రీన్ మీద స్టాక్ మైనస్ 30! లేని సరుకు ఎట్ల అమ్ముతాం, ఆ మైనస్ చూసిన దినమే నేను ఆగిండాల్సింది, కనీసం సాఫ్ట్‌వేర్ అన్నా ఒక వార్నింగ్ ఇచ్చిండాల్సింది. అదేం లేకుండా తెప్పించాల్సిన లిస్ట్‌లో ఆ మందునే అన్నిటికంటే పైన పెట్టింది. సీజన్ రష్‌లో గోడౌన్‌కు పొయ్యి చూసే తీరిక లేక, కేసు 12 వేల లెక్కన ఇంకో పది కేసులు, లక్షా ఇరవై వేలు పెట్టి ఆర్డర్ ఇచ్చినా. తర్వాత చూస్తే గోనెసంచుల ఎనక పాత బాటిళ్లు 130 అట్లే ఉన్నాయి. ఏ బ్యాచ్ ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో చూపించే రిపోర్టే అందులో లేదు, మందులంగడికి అది లేకుండా ఎట్ల?

ఇంకా బాధ ఏందంటే కేసుకు 24 అని కొట్టినందుకు 300 పడే బాటిల్ ఖరీదు అందులో 500 అని చూపిస్తాంది, లాభనష్టాలన్నీ తప్పే. సీసీ లోన్‌కు, అంటే సరుకు చూపించి తీసుకునే అప్పుకు, బ్యాంకులో ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ కూడా అందులోంచే తీసిచ్చినా. ఆడిటర్ పట్టుకున్న దాకా తెలియలేదు, మళ్ళీ సరిచేసి ఇచ్చేకి తల ప్రాణం తోకకొచ్చింది.

బిల్లు డిలీట్ చేస్తే ఆ నంబరే తర్వాతి బిల్లుకు పడుతుంది, ఎవరు తీసినారో ఆనవాలు ఉండదు. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్, అంటే ఏం మార్చినా దాని ఆనవాలు రాసిపెట్టే పట్టీ, ఉండే సాఫ్ట్‌వేరే వాడాలని రూల్. మనలాంటి సొంత అంగళ్లకు ఆ రూల్ లేకపోయినా, కౌంటర్లో ముగ్గురు కూర్చునే చోట సాయంత్రం క్యాష్ తగ్గితే ఎవర్ని అడగాల?

రెన్యువల్ కట్టకపోతే పాత బిల్లులు తెరుచుకోవు, ఎక్సెల్‌లోకి తీసుకునే దారి కూడా లేదు. జీఎస్టీ లెక్కలేమో యాన్యువల్ రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాల. ఫోన్ చేస్తే ముందు రెన్యువల్ కట్టండి అంటారు, తర్వాత ఎత్తరు.

డెమోకు వాళ్లు తెచ్చిన బిల్లులు చూడొద్దు, మీ సొంత బిల్లు ఇచ్చి ఒక కేసు ఎక్కించి విడిగా మూడు బాటిళ్లు అమ్మించి స్టాక్ ఎంత చూపిస్తాందో చూడండి. ఒక బిల్లు తీసేయమనండి, ఎనక ఏం మిగిలిందో చూడండి. మొత్తం డేటా ఎక్సెల్‌లో తీసి మీ పెన్‌డ్రైవ్‌లో వేయమనండి. ఇవి కాకుండా రూపాయి ఇవ్వొద్దు.

మనూర్లో ఎవరైనా ఇట్లాంటి దాంట్లోంచి డేటా బయటికి తీసుకున్నోళ్లుంటే ఎట్ల చేసినారో చెప్పండన్నా, నావి రెండేండ్ల బిల్లులు అందులోనే ఇరుక్కున్నాయి.