ఎలక్ట్రిక్ కారుకు లోవరింగ్ స్ప్రింగులు: హైదరాబాద్ రోడ్ల మీద రెండేళ్లు వాడాక

కారు ఎత్తు తగ్గించడానికి కంపెనీ స్ప్రింగుల బదులు వేసేవే లోవరింగ్ స్ప్రింగులు. వాటి గురించి ముందే చెప్పేస్తున్నాను. హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ కారును 25 మిల్లీమీటర్లు దించితే నెట్టుకురావచ్చు. 40 దించితే ప్రతి కాలనీ మలుపులోనూ టెన్షనే. స్ప్రింగుల ప్యాకెట్ మీద అందరూ ఎంత దిగుతుందనే అంకె చూస్తారు. అసలు చూడాల్సింది దిగిన తర్వాత చక్రం పైకి లేవడానికి ఎంత ట్రావెల్ మిగిలింది, పొట్ట కింద ఎంత జాగా మిగిలింది అని. ఆ పొట్టలో ఉన్నది బ్యాటరీ.

నాది హ్యుందాయ్ ఐయోనిక్ 5. మన దగ్గర అమ్మే బండికి 72.6 కిలోవాట్ అవర్ బ్యాటరీ, వెనుక చక్రాలకు మోటారు, 20 అంగుళాల చక్రాలు ఉంటాయి. కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య జాగా, 163 మి.మీ. బరువు రెండు టన్నులకు దగ్గర. ఇవన్నీ ఒక ఎత్తు, దాని వీల్‌బేస్ ఒక ఎత్తు: సరిగ్గా 3 మీటర్లు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య అంత దూరం ఉన్న కారుకు స్పీడ్ బ్రేకర్ ఎప్పుడూ బంపర్‌కు తగలదు, నడుముకు తగులుతుంది.

మరి ఎందుకు దించానంటే, ఔటర్ రింగ్ రోడ్డు కోసం. 158 కిలోమీటర్ల రోడ్డు, గరిష్ఠ వేగం 120. కోకాపేట నుంచి శంషాబాద్ వైపు అదే వేగంతో పోతుంటే, ఫ్లైఓవర్ ఎక్కి దిగిన ప్రతిసారీ బండి ఒకసారి ఎక్కువగా ఊగి అప్పుడు కుదురుకునేది. దాన్ని తప్పనను. ఇంటిల్లిపాదీ కూర్చునే బండి, మెత్తగానే పెడతారు. నాకు మాత్రం ఆ రెండో ఊపు నచ్చలేదు. అందానికి కాదా అంటే, అందానికీ ఉంది. పెద్ద చక్రాలకూ వాటి పైనుండే రెక్కలకూ (ఫెండర్లకూ) మధ్య ఆ ఖాళీ చూసినప్పుడల్లా కళ్లకు గుచ్చుకునేది.

ఎంపిక దగ్గరే ఎక్కువ సమయం పట్టింది, పట్టాలి కూడా.

అందరికంటే చౌక దారి ఉన్న స్ప్రింగునే కోయించడం. చిన్న పెట్రోలు కార్లకు ఇప్పటికీ చేస్తున్నారు. కాయిల్ స్ప్రింగు గట్టిదనం దాని చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి కోస్తే ఇరవై శాతం గట్టిపడుతుంది. కాబట్టి కోసినా గట్టిపడుతుంది కదా అనే వాదన లెక్క ప్రకారం నిజమే. కానీ కోసిన కొన సీటులో సమంగా కూర్చోదు. గ్యాస్ కట్టర్ వేడికి ఆ చివర ఉక్కు పదును పోతుంది. బండి గాలిలోకి లేచినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరిగే ప్రమాదం కూడా ఉంది. రెండు టన్నుల బండికి ఆ ప్రయోగం గురించి ఇంతకంటే చెప్పడం అనవసరం.

రెండో దారి పేరూ ఊరూ లేని సెట్లు. ఏ బండికి, ఏ యాక్సిల్ బరువుకు అని రాసి ఉండదు. ఇక్కడ ఎలక్ట్రిక్ కారు విషయంలో ఒక తేడా ఉంది. అదే సైజు పెట్రోలు ఎస్‌యూవీలో ఇంజిన్ వల్ల ముందు బరువు ఎక్కువ. ఐయోనిక్ లాంటి దాంట్లో బ్యాటరీ నేల పొడవునా పరుచుకుని, మోటారు వెనుక ఉంటుంది కాబట్టి బరువు ముందూ వెనుకా దాదాపు సమం. అదే కంపెనీ పెట్రోలు కారుకు చేసిన స్ప్రింగు కొలతకు పట్టినా బరువుకు పట్టదు. వెనుక కుంగి ముందు లేచినట్టు అవుతుంది.

మూడోది జర్మన్ కంపెనీల సెట్లు. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ ఈ పనిలో పాత చేతులు. వాటితో వచ్చే కాగితంలో ఏ మోడల్, ముందు యాక్సిల్ మీద ఎంత బరువు వరకు, వెనుక ఎంత వరకు అని రాసి ఉంటుంది. నేను చూసుకుంది అదే. మన ఆర్సీలో ఉన్న మొత్తం బరువుతోనూ, డోర్ దగ్గర స్టిక్కర్ మీది యాక్సిల్ బరువులతోనూ పోల్చి తీసుకున్నాను. దిగుమతి ఖర్చులు కలిపితే అర లక్ష దాటింది, ఫిట్టింగ్ వేరు.

ఎంత దించాలనే దగ్గర మెకానిక్‌కూ నాకూ చిన్న వాదన అయింది. "ఇంకా కిందికి పోవాలె సార్, అప్పుడే లుక్కొస్తది" అన్నాడు. లుక్కు వస్తుంది, నిజమే. కానీ ఈ కారుకు ముందు ఉన్నది మాక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ ఒకే నిలువు కడ్డీగా ఉండే అమరిక. దాన్ని దించే కొద్దీ, చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్ బయటి కొన పైకి తిరుగుతుంది. అప్పుడు బండి బరువు కేంద్రం దిగినదానికంటే రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ దిగిపోతుంది. అంటే మలుపులో బండిని పక్కకు ఒరగదీసే మీట పొడవు తగ్గకపోగా పెరుగుతుంది. దించితే చాలు ఒరగడం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గించేది దించడం కాదు, కొత్త స్ప్రింగు గట్టిదనం. బాగా దించేసి, సరిపడా గట్టిపరచకపోతే ఒరగడం అలాగే ఉంటుంది, సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకుపోయి బంప్ స్టాప్ అనే రబ్బరు అడ్డుకు కొట్టుకోవడం అదనం.

మరీ గట్టిపరిస్తే నడుం నొప్పి. ఇక్కడ లెక్క కాస్త మన వైపే ఉంటుంది. గట్టిదనం ఇరవై శాతం పెరిగితే బండి ఊగే వేగం పది శాతమే పెరుగుతుంది, వర్గమూలం లెక్క. అందుకే 25 మి.మీ. దించి, కొద్దిగా గట్టిపరిచి, నొక్కే కొద్దీ ఇంకా గట్టిపడే ప్రోగ్రెసివ్ స్ప్రింగు తీసుకుంటే పాత షాకబ్జార్బర్లతోనే సర్దుకుపోతుంది. అంతకు మించి పోవాలనుకుంటే షాకబ్జార్బర్లు కూడా మార్చాలి. అప్పుడు ఖర్చు వేరే కథ.

ఫిట్టింగ్ గురించి రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్పాలి. ఒకటి, జాకీ. లిఫ్ట్ చేతులు అంచున ఉన్న పాయింట్ల కిందే పెట్టాలి, బ్యాటరీ పెట్టె కింద కాదు. పెట్రోలు కార్లకు అలవాటైన కుర్రాళ్లకు ఇది ప్రతిసారీ గుర్తుచేయాలి. దగ్గర నిలబడండి, మొహమాటపడొద్దు.

రెండోది, బుష్‌లు, అంటే ఆర్మ్‌ల కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు. లోయర్ ఆర్మ్ బోల్టులు చివరిగా బిగించేది చక్రాల మీద బండి బరువు పడ్డాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే లోపలి రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. నా బండి మొదట ఇచ్చిన చోట అలాగే బిగించారు. నెల తిరిగేసరికి ముందు ఎడమవైపు కీచుమని చప్పుడు. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ పాత ఇంటి తలుపు తీసినట్టు. వాళ్లు "కొత్త స్ప్రింగులు కదా సార్, సెట్ అవుతది" అని పంపేశారు. ఇంకో చోట అన్ని బోల్టులూ వదులుచేసి, బండి చక్రాల మీద నిలబెట్టి బిగిస్తే ఆ చప్పుడు మళ్లీ రాలేదు.

తర్వాత అలైన్‌మెంట్. దించినప్పుడు చక్రాల పైభాగం కొద్దిగా లోపలికి వాలుతుంది, టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది. వాలు కన్నా టైరును త్వరగా తినేది టో. వెంటనే ఒకసారి, స్ప్రింగులు కూర్చున్నాక మళ్లీ ఒకసారి చేయించాను. 255/45 ఆర్20 టైరు ధర తెలిసినవాళ్లకు ఎందుకో వివరించక్కర్లేదు. లోపలి అంచు అరుగుదల బయటికి కనిపించదు, చెయ్యి పెట్టి తడిమి చూడాలి. నావి లోపల కొంచెం ఎక్కువే అరిగాయి, కానీ భయపడేంత కాదు. హెడ్‌లైట్ల ఎత్తు కూడా చూపించుకోండి. ముందు అద్దం వెనుక కెమెరా, బంపర్‌లో రాడార్ ఉన్న కార్లకు ఎత్తు మారితే కాలిబ్రేషన్, అంటే అవి చూసే దిశ, కొలత సరిగ్గా ఉన్నాయా అని, సరిచూడాలి. దీన్ని చాలా చోట్ల పట్టించుకోరు, అడిగి చేయించుకోవాలి.

ఇక వాడకం. ఔటర్ మీద అనుకున్నది అనుకున్నట్టే వచ్చింది. ఫ్లైఓవర్ దిగాక ఒక్క ఊపు, అంతే. లేన్ మారినప్పుడు స్టీరింగ్ తిప్పడానికీ బండి కదలడానికీ మధ్య ఉండే ఆలస్యం తగ్గింది. గాలి వాటున లారీని దాటేటప్పుడు కుదురుగా ఉంటుంది. ఈ ఒక్క పనికి నూటికి తొంభై మార్కులు వేస్తాను.

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ పోయే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద మాత్రం మార్కులు తగ్గుతాయి. పదకొండున్నర కిలోమీటర్ల పొడవునా అతుకులే. ముందు మెత్తగా దాటిపోయే అతుకు ఇప్పుడు టక్‌మని వినిపిస్తుంది. పెట్రోలు బండిలో అయితే ఇంజిన్ చప్పుడులో కలిసిపోయేది. ఎలక్ట్రిక్ కారులో దాన్ని కప్పే శబ్దమే లేదు. వెనుక సీటులో కూర్చున్న మా అమ్మ తీర్పు ఇంకా సూటిగా ఉంది: "ఇంత పైసలు వెట్టి కొని, మల్లా పైసలు వెట్టి కరాబు జేసినవేందిరా."

అసలు పరీక్ష కాలనీలో. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలాంటిది దించిన ఐయోనిక్‌కు ఏమాత్రం లెక్క కాదు. అంత వెడల్పు దిబ్బ మీద 3 మీటర్ల వీల్‌బేస్ బండికి మధ్యలో ఏడు సెంటీమీటర్ల జాగా ఉన్నా చాలు. కానీ మన సందుల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసినవి ఉంటాయి. ఎత్తు ఎక్కువ, వెడల్పు మూరెడే. అలాంటిది 150 మి.మీ. ఉంటే, పాత 163తో వెంట్రుకవాసిలో బయటపడే బండి ఇప్పుడు 138తో కూర్చుంటుంది. నలుగురు ఎక్కితే ఇంకా కిందికే. నేను తిరిగే సందుల్లో సరిగ్గా ఈ కొలత దిబ్బలే ఎక్కువ. అందుకే 40 మి.మీ. వద్దంటున్నాను. 25తో ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దాటించొచ్చు. 40తో ఆ ఉపాయమూ పనిచేయదు.

సెల్లార్ ర్యాంపు ఇంకో గండం. అపార్టుమెంటు ర్యాంపు ఎక్కి రోడ్డు మట్టానికి వచ్చే చోట మడత మొనదేలి ఉంటే పొట్ట అక్కడ ఆనుతుంది. లెక్కేస్తే ఈ వీల్‌బేస్‌కు పాత ఎత్తులో పన్నెండు డిగ్రీలకు కొంచెం పైన మడత దాటొచ్చు, ఇప్పుడు పదిన్నర. మా సెల్లార్ ర్యాంపు మడత దగ్గర మేస్త్రీ చేత గుండ్రంగా చెక్కించాం. అసోసియేషన్ ఒప్పుకుంది, ఎందుకంటే ఇంకో ఇద్దరి సెడాన్లు కూడా అక్కడ గీసుకుంటున్నాయి. మీ సెల్లార్ ఎలా ఉందో కొనకముందే చూసుకోండి. స్నేహితుల ఇళ్ల సెల్లార్ల సంగతి ఇక వదిలేయండి, నేను బయటే పెడుతున్నాను.

వానాకాలంలో నీళ్ల కింద గుంత కనిపించదు. రోడ్డు కొత్తగా వేసిన చోట మ్యాన్‌హోల్ మూత పల్లంలో ఉండిపోతుంది, లేదంటే పైకి పొడుచుకొస్తుంది. గచ్చిబౌలి వైపు అయితే ఫ్లైఓవర్, పైపులైన్ అంటూ ఏదో ఒక తవ్వకం. పెట్రోలు కారుకు కింద తగిలితే సైలెన్సర్ గీసుకుపోతుంది, రెండు రోజుల్లో మర్చిపోతాం. ఇక్కడ తగిలేది బ్యాటరీ అడుగు పలకకు. బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఉన్నా, రాయి తగిలి నొక్కుకుపోయిన దానికి అది వర్తించదు. వానలు తగ్గాక బండిని లిఫ్ట్ ఎక్కించి అడుగు చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. గీతలున్నాయి, నొక్కులు లేవు.

రేంజ్ పెరుగుతుందా అని చాలామంది అడుగుతారు. బండి కింద గాలి తక్కువ పోతుంది కాబట్టి సూత్రం ప్రకారం కొంచెం పెరగాలి. నా వాడకంలో ఏసీ, ఎండ, ట్రాఫిక్ తెచ్చే తేడాల మధ్య ఆ కొంచెం ఎక్కడా కనిపించలేదు. రేంజ్ కోసమే అయితే ఔటర్ మీద 120 బదులు 100లో పోండి, పైసా ఖర్చు లేదు.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన, ఆర్సీలో నమోదైన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. స్ప్రింగులతో వచ్చిన టీయూవీ (జర్మనీలో వాహన భాగాలను పరీక్షించే సంస్థ) కాగితం నాణ్యతకు రుజువు, మన ఆర్టీఓ అనుమతి కాదు. వేయించకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పి పాలసీలో ఎక్కించుకోండి. నేను చెప్పాను, ప్రీమియం కొద్దిగా పెరిగింది. చెప్పకుండా దాచి, ప్రమాదం జరిగిన రోజు సర్వేయర్ స్ప్రింగుల రంగు చూసి ప్రశ్నలడిగే పరిస్థితి కంటే అది చాలా చౌక.

రోజూ ఔటర్ మీద తిరుగుతూ, ఇంటి దగ్గర రోడ్డు బాగుండి, బండిలో ఎక్కువగా ఒకరిద్దరే ఉంటే 25 మి.మీ. సెట్ వేయించుకోండి. వెనుక సీటులో పెద్దవాళ్లు కూర్చునే ఇల్లయితే, లేదా పాత కాలనీ సందుల్లో ఉంటే, ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోవడం మేలు. బీవైడీ సీల్ లాంటి సెడాన్లు ఫ్యాక్టరీ నుంచే 145 మి.మీ. ఎత్తులో వస్తాయి, వాటిని ఇంకా దించడం నాకైతే అర్థం లేని పని.

కంపెనీ స్ప్రింగులు మాత్రం అమ్మొద్దు, పారేయొద్దు. నావి గుడ్డ చుట్టి అటక మీద ఉన్నాయి. బండి అమ్మే రోజు కొనేవాళ్లు మొదట అడిగేది వాటి గురించే.