ఇంగ్లండులో ఎవరి వంట ఎక్కడ బాగుంది

తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధిలో చాలా ఇళ్ల పిల్లలు ఇప్పుడు విదేశాల్లోనే ఉన్నారు. వాళ్ల దగ్గరికి బయలుదేరే తల్లిదండ్రులు వీసా సంగతి, విమానం సంగతి పిల్లలనే అడుగుతారు. ముందే వెళ్లి వచ్చిన మమ్మల్ని అడిగేది తిండి గురించి. "అక్కడ మన భోజనం దొరుకుతుందా అక్కా?" అంటారు. దొరుకుతుంది. కానీ ఇండియన్ రెస్టారెంట్ అనే బోర్డు పట్టుకుని వెతికితే దొరకదు. వంట చేసే మనిషిది ఏ ప్రాంతమో కనుక్కుని, ఆ ప్రాంతపు వంటే అడగాలి. వేసవిలో మాంచెస్టర్‌లో మా అమ్మాయి, అల్లుడి దగ్గర ఉండి, అక్కడి నుంచి లెస్టర్, బర్మింగ్‌హామ్, లండన్ తిరిగాక మాకు తేలింది ఇదే. ఎక్కడ ఏం తిన్నామో, ఎక్కడ బస చేశామో, మళ్లీ వెళితే దేనికోసం వెళతామో వెళ్లబోయే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మా నాలుకల సంగతి చెప్పాలి. సాంబారులో చింతపండు తగ్గితే మా వారికి అన్నం తిన్నట్టు ఉండదు. అల్లుడిది చిత్తూరు. ఆదివారం వస్తే రాగిసంగటి, నాటుకోడి పులుసు గుర్తొచ్చే మనిషి. శనివారం మా ఇంట్లో ఎవరమూ మాంసం ముట్టము. నా తీర్పులు ఈ లెక్కలో చదవండి.

అమ్మాయి ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఒక ఇండియన్ రెస్టారెంటు ఉంది. బ్రిటన్‌లో ఓ మోస్తరు ఊళ్లన్నిటిలోనూ ఇలాంటిది ఒకటి కనిపిస్తుంది. నడిపేవాళ్లలో ఎక్కువమంది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్లు. ఓడల్లో కూలి పనికి కుదిరి, లండన్ రేవుల్లో దిగి అక్కడే ఉండిపోయిన సిల్హెటీలతో ఈ కథ మొదలైంది. అంతకు చాలా ముందే, 1810లో, పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచి రెండేళ్లకే దివాలా తీశాడు. 1926లో రీజెంట్ స్ట్రీట్‌లో ఎడ్వర్డ్ పామర్ పెట్టిన వీరాస్వామి కలిగినవాళ్ల హోటలు. సామాన్య ఇంగ్లీషువాళ్లకు కూర అలవాటు చేసింది మాత్రం వీధి చివర హోటళ్లు పెట్టుకున్న ఈ సిల్హెట్ వాళ్లే. 2001లో అప్పటి విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను నిజమైన బ్రిటిష్ జాతీయ వంటకం అన్నాడు. ఆ మాట వెనుక ఎందరి కష్టం ఉందో తలుచుకుంటే వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

అయితే ఆ కూరలు మన నాలుక కోసం వండినవి కావు. ఉల్లిపాయలు ఉడికించి మెత్తగా రుబ్బిన గ్రేవీ పెద్ద గిన్నెలో ముందే సిద్ధంగా ఉంటుంది. ఎవరేం అడిగినా అదే గ్రేవీ పెనంలో పడుతుంది. క్రీము, కొబ్బరి వేస్తే కోర్మా, కారం పెంచితే మద్రాస్, ఇంకా పెంచితే విందాలూ. మద్రాసు మా తిరుపతికి మూడు నాలుగు గంటల దారి, బంధువులు సగం మంది అక్కడే ఉన్నారు. ఆ కూర నేను ఏ ఇంట్లోనూ తినలేదు. దీన్ని చూసి కోపం తెచ్చుకోనక్కర లేదు. మన బస్టాండు చుట్టుపక్కల చూడండి. ఉత్తరాది యాత్రికులకు రోటీ, మరాఠీలకు పోహా, తమిళులకు పొంగల్, అన్నీ ఒకే వంటింట్లో తయారవుతాయి. అలసి వచ్చినవాళ్ల ఆకలి తీరుతుంది, అది తక్కువ పని కాదు. కానీ మా అమ్మ వంటలా ఉందని ఎవరూ అనగా వినలేదు. ఆ వంటమనిషి రాత్రి ఇంటికి వెళ్లి తినేది వేరే.

ఆ ఆలోచనతోనే మా అల్లుడు అమ్మాయి ఇంటి దగ్గరి రెస్టారెంటు యజమానిని హిందీలో అడిగాడు, "మీ ఇంట్లో ఏం వండుకుంటారు భాయ్?" అని. ఆయన కాసేపు మమ్మల్ని పరికించి చూసి, నవ్వి, చేపలు తింటారా అన్నాడు. తర్వాత ఒక రోజు ఫోను చేసి పిలిచాడు. శాత్‌కోరా అని వాళ్ల ప్రాంతంలో కాసే నిమ్మజాతి కాయ ఉంది. దాని మందపాటి తొక్క ముక్కలు వేసి వండిన చేపల కూర పెట్టాడు. పులుపు వెనుక సన్నని చేదు, ఘుమఘుమలాడే వాసన. కూర పలుచగా, అన్నంలో కలుపుకోవడానికి వీలుగా ఉంది. చింతపండు తప్ప ఇంకో పులుపు ఒప్పుకోని మా వారు మారు అన్నం పెట్టించుకున్నారు. మెనూ కార్డులో ఆ కూర లేదు. ఇంగ్లండులో హోటల్లో తిన్న చేపల కూరలన్నిటిలోకీ నాకు అదే మేలుగా తోచింది. ముందురోజే చెప్పి, మనిషికి ఇంతని ధర మాట్లాడుకుని వెళ్లండి.

మాంచెస్టర్‌లో అందరూ చెప్పే కర్రీ మైల్, అంటే రషోమ్‌లో విల్మ్స్‌లో రోడ్డు, మాకు పెద్దగా నచ్చలేదు. పేరు మిగిలింది కానీ ఇప్పుడు అక్కడ అరబ్బుల కబాబ్ అంగళ్లు, హుక్కా గదులే ఎక్కువ. కబాబ్ కావాలంటే వెళ్లండి, కూర కోసం అవసరం లేదు.

ఒక శనివారం లెస్టర్ వెళ్లాం. బెల్‌గ్రేవ్ రోడ్డును గోల్డెన్ మైల్ అంటారు. చీరల కొట్లు, బంగారం కొట్లు, మధ్యమధ్య శాకాహార హోటళ్లు. 1972లో ఇడీ అమీన్ ఉగాండా నుంచి వెళ్లగొట్టిన భారతీయుల్లో చాలామంది ఈ ఊళ్లో స్థిరపడ్డారు, వాళ్లలో గుజరాతీలు ఎక్కువ. ఢోక్లా, ఖాండ్వీ చాలా బాగున్నాయి. తూర్పు ఆఫ్రికా నుంచి వాళ్లు వెంట తెచ్చుకున్న మోగో, అంటే వేయించిన కర్రపెండలం ముక్కలు, కారం చల్లుకుని తింటుంటే చెయ్యి ఆగదు. పప్పులో బెల్లం మాత్రం మనవాళ్లకు సరిపడదు. దోశ కూడా ఇస్తారు. గుజరాతీ హోటల్లో దోశ అడగకపోవడమే ఇద్దరికీ మర్యాద.

బర్మింగ్‌హామ్‌లో స్టేషను దగ్గర ఒక చవక హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, లిఫ్టు ఉంది. గదిలో వేడినీళ్ల కెటిల్ ఉండడం పెద్దవాళ్లకు గొప్ప సౌకర్యం. కానీ కిటికీ తెరుచుకోదు, పొద్దున టిఫినంటే రొట్టె, టమాటా రసంలో ఉడికిన చిక్కుడు గింజలు. ఒక రాత్రికి పరవాలేదు, అంతకు మించి ఉండాలనిపించలేదు.

సాయంత్రం లేడీపూల్ రోడ్డులో బాల్టీ తిన్నాం. 1970ల్లో అక్కడి పాకిస్తానీ, కశ్మీరీ వంటవాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. పలుచని ఉక్కు మూకుడులో పెద్ద మంట మీద నూనెలో గబగబా వేయించి, అదే మూకుడు మన ముందు పెడతారు. గరిటె ఇవ్వరు, నాన్ తుంచి ముంచుకోవాలి. ఎప్పటికప్పుడు వండడం వల్ల అల్లం, పచ్చిమిర్చి వాసన తాజాగా తెలుస్తుంది. ముందే కాచి ఉంచిన గ్రేవీకీ దీనికీ తేడా మొదటి ముద్దకే అర్థమవుతుంది. బాల్టీ హోటళ్లు ఇప్పుడు తగ్గిపోయాయి, ఉన్నప్పుడే తిని రండి. అన్నం మాత్రం అక్కడ తినవద్దు.

మరునాడు శనివారం. బర్మింగ్‌హామ్‌కు పడమరగా టివిడేల్‌లో బాలాజీ ఆలయం ఉంది. సాండ్‌వెల్ అండ్ డడ్లీ స్టేషన్‌లో దిగి టాక్సీ పట్టుకున్నాం. తిరుమల ఆలయం నమూనాలో కట్టి 2006లో తెరిచారు. తిరుపతి నుంచి అంత దూరం వెళ్లి మళ్లీ స్వామి దగ్గరికే వెళ్లాలా అని ఎవరైనా అనుకోవచ్చు. నాకు అలా అనిపించలేదు. పచ్చిక గుట్టల మధ్య గోపురం కనబడగానే మా వారు చెప్పులు విడిచి నడిచారు. చలి, చినుకు, ఆ నేల మీద గోవింద నామం. దర్శనానికి తోపులాట లేదు, కావలసినంతసేపు నిలబడనిచ్చారు.

దర్శనమయ్యాక అక్కడి క్యాంటీనులో భోంచేశాం. తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కూర్చోబెట్టి ఉచితంగా వడ్డిస్తారు కదా, ఇక్కడ డబ్బు కట్టి పళ్లెం తీసుకోవాలి. ధర ఎక్కువేమీ కాదు. పులిహోరలో ఇంగువ, ఎండుమిరపకాయ ఘాటు సరిగ్గా కుదిరాయి. పెరుగన్నం చల్లగా ఉంది. సాంబారులో చింతపండు పులుపు ఉంది! ప్రయాణం మొత్తంలో మా వారు సాంబారు మళ్లీ అడిగిన చోటు అదొక్కటే. రోజూ ఇలాగే ఉంటుందనుకోకండి. అక్కడి భోజనం సందడంతా శని, ఆదివారాలదే, వెళ్లేముందు ఫోను చేసి కనుక్కోండి.

లండన్‌లో నలుగురూ చూసే చోట్లు మేమూ చూశాం, వాటి గురించి రాయను. ఈస్ట్ హామ్‌లో ఉన్నాం, దాని గురించి రాయాలి. శ్రీలంకలోని యాళ్పాణం (జాఫ్నా) నుంచి వచ్చిన తమిళ కుటుంబం మేడ మీద గది అద్దెకిచ్చింది. వంటిల్లు వాడుకోనిచ్చారు. మెట్లు ఇరుకు, నిటారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది గదే అడగాలి. స్నానాలగది అందరికీ ఒకటే, పొద్దున వంతు కోసం ఆగాలి. అయినా ఆ బర్మింగ్‌హామ్ హోటల్ కన్నా నాకు ఇదే వెయ్యి రెట్లు నచ్చింది. తిరుపతిలో పెరిగినవాళ్లకు తమిళం రాకుండా ఎలా ఉంటుంది? రెండో రోజుకే ఇంటావిడ నన్ను అక్కా అని పిలిచి, ఇడియాప్పం, కొబ్బరిపాలతో చేసిన సొది తెచ్చిపెట్టింది.

హై స్ట్రీట్ నార్త్ పొడవునా తమిళ, మలయాళ, తెలుగు హోటళ్లే. పొద్దున ఇడ్లీ, పొంగలి తిరుపతిలో తిన్నట్టే ఉన్నాయి, ఫిల్టర్ కాఫీ మాత్రం పలుచన. రాత్రి లంక తమిళుల హోటల్లో కొత్తు రొట్టి తినండి. పెనం మీద రొట్టె ముక్కల్ని రెండు రేకులతో టకటక కొడుతూ కలిపే ఆ చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. కారం విషయంలో మన రాయలసీమకు దీటైనవాళ్లు నాకు అక్కడ కనిపించింది లంక తమిళులే.

ఒక తెలుగు హోటల్లో రాగిసంగటి, నాటుకోడి అని రాసి ఉంటే అల్లుడు ముఖం వెలిగింది. వచ్చింది చూశాం. సంగటి ఉత్త పిండితో కలిపింది, లోపల బియ్యపు మెతుకు లేదు. కోడి మెత్తటి ఫారం కోడి, పులుసు చిక్కగా బిర్యానీ మసాలా వాసన. వడ్డించే కుర్రవాడు చదువుకోడానికి వచ్చినవాడు, మాది తిరుపతి అనగానే ఇంకో ముద్ద పెట్టించాడు. ఆ పిల్లవాడి ఆదరానికి నూటికి నూరు మార్కులు. ఆ వంటకు అన్ని వేయలేను. హైదరాబాదు బిర్యానీ కోసం వచ్చేవాళ్లకు వండే చోట చిత్తూరు వంట కుదరదు. అదే హోటల్లో బిర్యానీ తిన్నవాళ్లు సంతోషంగానే లేచారు.

చివరికి సంగటి మాంచెస్టర్‌లో అమ్మాయి వంటింట్లోనే కుదిరింది. అక్కడి హలాల్ మాంసం కొట్లలో గుడ్లు పెట్టడం మానేసిన ముదురు కోళ్లు అమ్ముతారు, హార్డ్ చికెన్ అని అడగాలి. కుక్కర్‌లో ఎక్కువసేపు ఉడకాలి. పులుసులోకి దిగే రుచి నాటుకోడికి బాగా దగ్గరగా వస్తుంది. రాగిపిండి, వేరుశనగ గింజలు, సోనామసూరి బియ్యం మనవాళ్ల సరుకుల కొట్లలో దొరుకుతాయి, నూకలు లేకపోతే బియ్యాన్నే మిక్సీలో ఒక తిప్పు తిప్పుకోవచ్చు. సంగటిలోకి వేరుశనగ పచ్చడి, అదే ఊరుబిండి, నేనే చేశాను.

హోటళ్లకు వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. వీధి చివరి కూర హోటళ్లు చాలావరకు సాయంత్రం అయిదు దాటాకే తెరుస్తారు, మధ్యాహ్నం భోజనానికి వాటిని నమ్ముకోవద్దు. చాలాచోట్ల బిల్లులో నూటికి పన్నెండున్నర దాకా సేవా రుసుము కలిపి ఉంటుంది, లండన్‌లో మరీను. అది మన ఇష్టం మీద ఇచ్చేది, సేవ బాగా లేకపోతే తీసేయమని అడగవచ్చు. నీళ్ల సీసా కొనకుండా కుళాయి నీళ్లు అడగండి, మంచివే ఇస్తారు. తలుపు మీద శుభ్రతకు సున్నా నుంచి అయిదు దాకా అంకె అంటిస్తారు. ఇంగ్లండులో అది అంటించడం తప్పనిసరి కాదు కాబట్టి కనబడకపోతే పిల్లలను ఫోనులో చూడమనండి. పెద్దవాళ్లను చూసి అడగకుండానే కారం తగ్గిస్తారు, ముందే చెప్పండి. లండన్ బస్సుల్లో నగదు తీసుకోరు, కార్డు ఉండాలి. అరవై దాటినవాళ్లు రైలు కార్డు కొనుక్కుంటే టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది.

సామాను సర్దేటప్పుడు నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు పెట్టవద్దు. మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి అక్కడికి తీసుకెళ్లనివ్వరు. ఇంట్లో కొట్టిన సాంబారు పొడి, కందిపొడి, పాత చింతపండు ఉంటే చాలు, మిగతావి అక్కడ కొనుక్కోవచ్చు.